జహనుమా గల్లీ నుంచి పుర్రె అడుగు దాకా

చార్మినార్ నుంచి షాలిబండ మీదుగా ఫలక్‌నుమా వైపు వస్తుంటే షంషీర్‌గంజ్ పక్కన తగులుతుంది జహనుమా. చుట్టూ ఇంజన్ బౌలి, నవాబ్ సాహెబ్ కుంట, ఫాతిమానగర్, వట్టేపల్లి. 'పైగా' అనే అమీర్ల వంశం వాళ్ల మహలు పేరే బస్తీకి మిగిలింది. నిజాం తర్వాత అంతటివాళ్లు అనిపించుకున్న ఆ వంశంలోని వికారుల్ ఉమ్రా గుట్ట మీద కట్టించిన ఫలక్‌నుమా 2010 నుంచి తాజ్ వాళ్ల హోటలు. గుట్ట కింద ఇరుకు గల్లీలు, రేకు తలుపుల ఇళ్లు, ముందు గదిలో మగ్గం బిగించుకుని జర్దోజీ పని చేసుకునేవాళ్లు, సందు సందుకో మెడికల్ షాపు.

ఆ షాపుల ముందు సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒక మాట వినిపిస్తుంది. "కాన్ బెహ్‌రా భాయ్, డ్రాప్స్ దేదో." తెలుగింటి నుంచి వచ్చినామె నోట అదే మాట ఇంకోలా: "భయ్యా, పిలగాని చెవిలకెల్లి మళ్ల చీము కారుతుంది. మొన్న ఇచ్చిన మందే ఇయ్యి." కౌంటర్ వెనకున్న కుర్రాడు ఎన్నాళ్ల నుంచి అని అడగడు. వాసన వస్తోందా, మాట వినిపిస్తోందా అనీ అడగడు. చిన్న సీసా కాగితం సంచిలో వేసి ఇస్తాడు. వారంలో చీము ఆగుతుంది. జలుబు చేయగానే మళ్లీ మొదలు. ఈలోపు నానమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోస్తుంది. అలా ఏళ్లు గడుస్తాయి.

పుర్రె అడుగున ఎముకను తొలిచి చేసే ఆపరేషన్ల సంగతి ఈ సీసా దగ్గరే మొదలుపెట్టాలి. వైద్యులు స్కల్ బేస్ అనే ఆ చోటికి పాతబస్తీ రోగులు వెళ్లే దారుల్లో బాగా నలిగినది ఇదే.

పైనుంచి తడిమితే పుర్రె నున్నగా ఉంటుంది. మెదడు ఆనుకునే అడుగుభాగం అలా ఉండదు. ముందు నుంచి వెనక్కి మూడు మెట్లుగా దిగుతుంది. మొదటి మెట్టు ముక్కు, కళ్ల పైన. రెండోది రెండు చెవుల మధ్య. మూడోది మెడ పైన. ఆ నేల నిండా రంధ్రాలే. వాసన తెలిపే నరాల పోగులు జల్లెడ లాంటి పల్చటి పలకలోంచి దిగుతాయి. చూపు నరం, కంటిని తిప్పే నరాలు, ముఖానికి స్పర్శ ఇచ్చే నరం, మింగడానికీ మాట్లాడటానికీ పనికొచ్చే నరాలు, అన్నీ ఈ రంధ్రాల గుండానే బయటికి రావాలి. మెదడుకు రక్తం తెచ్చే కెరోటిడ్ ధమనులు రెండూ ఈ ఎముకలోనే వంపులు తిరుగుతూ పైకెక్కుతాయి. వాడిన రక్తాన్ని దించే పెద్ద సిరలకూ ఇదే దారి. ఇంత రద్దీ ఉన్న చోట గడ్డ పుట్టినా, చీము పట్టినా తీయడానికి లోపలికి వెళ్లాలంటే ముందు ఎముకను తీయాలి.

ఎందుకు తీయాలి? మెదడును పక్కకు నెట్టి లోపలికి చూడొచ్చు కదా? చాలాకాలం అలాగే చేశారు. నొక్కిన మెదడు వాస్తుంది, చితుకుతుంది, కొన్నిచోట్ల రక్తం చిమ్ముతుంది. మెదడు జోలికి పోకుండా కింద నుంచో పక్క నుంచో ఎముకను తొలగించి దారి చేసుకోవడమే మంచిదని గత అరవై డెబ్బై ఏళ్లలో శస్త్రవైద్యులు తేల్చుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్ 1960ల్లో మైక్రోస్కోపునూ డ్రిల్లునూ కలిపి, చెవి ఎముక గుండా వినికిడి నరం మీది గడ్డను చేరుకున్నాడు. 1985లో జపాన్‌కు చెందిన కవాసే అదే ఎముక ముందు కొసలో చిన్న త్రికోణం మేర తొలిచి, మెదడు కాండం ముందున్న ధమనిని చేరే మార్గం చూపించాడు. స్లొవేనియాకు చెందిన డోలెంక్ కంటి నరం పక్కనున్న ఎముక మొనను తీసేసి, దాని కిందున్న కెరోటిడ్‌ను బయటపెట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. ముక్కులోంచి పిట్యూటరీ గడ్డను తీసే పద్ధతి 1900ల తొలినాళ్ల నుంచే ఉంది. మైక్రోస్కోపు, ఆ తర్వాత ఎండోస్కోపు వచ్చాక దానికి కొత్త ఊపిరి వచ్చింది.

ఆ మార్గాలన్నిట్లో నేర్చుకోవడానికి కష్టమైనదీ, నేర్చుకునే కొద్దీ ముచ్చటగొలిపేదీ కణత ఎముక. టెంపోరల్ బోన్. ఒళ్లంతటిలో బాగా చిక్కనైన ఎముకల్లో దాని లోపలి ముక్క ఒకటి. వేల ఏళ్ల నాటి అస్థిపంజరాల్లో డీఎన్‌ఏ వెతికేవాళ్లు ముందు దాన్నే అడుగుతారు. హరియాణాలోని రాఖీగఢీ స్త్రీ జన్యువుల లెక్క 2019లో బయటికొచ్చింది ఆ ఎముక నుంచే. అంత గట్టి ఎముకలో మూడు మిల్లీమీటర్ల స్టేపీస్ అనే బుల్లి ఎముక, దాని వెనక నత్తగుల్ల ఆకారపు కాక్లియా, ఒరిగిపోకుండా నిలబెట్టే మూడు అర్ధవృత్తాకార నాళాలు. వాటిని ఒరుసుకుంటూ ముఖాన్ని కదిపే నరం దాదాపు మూడు సెంటీమీటర్లు ఎముక కాలువలోనే నడుస్తుంది. కపాల నరాల్లో మరేదీ ఎముక లోపల అంత దూరం వెళ్లదు.

ఈఎన్‌టీ చదివే పీజీ విద్యార్థులు బతికున్న మనిషి మీద చెయ్యి వేయకముందు దానమిచ్చిన దేహాల నుంచీ, ఎవరూ అడగని శవాల నుంచీ తీసిన కణత ఎముకల మీద సాధన చేస్తారు. ఉక్కు పట్టులో ఎముకను బిగిస్తారు. పైన మైక్రోస్కోపు, ఒక చేతిలో డ్రిల్లు, మరో చేతిలో నీళ్లు చిమ్ముతూ లాగే సక్షన్ గొట్టం. డ్రిల్లు కొసన ఉండే గుండ్రటి బర్ర్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. నీళ్లు ఒక్క క్షణం ఆగాయా, ఎముక కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే కింద నరానికి వేడి తగిలిందనే లెక్క. అందుకే గురువు మొదట చెప్పేది నీళ్ల గురించే.

రెండో పాఠం బర్ర్ సైజు. కొత్తవాళ్లకు చిన్న బర్ర్ అయితే భద్రం అనిపిస్తుంది. నిజానికి చిన్నది గుచ్చుకుని లోతుకు జారిపోతుంది. పట్టే చోటల్లా పెద్దది వాడితే ఎముక పైపైన సమంగా తరుగుతుంది. పళ్లున్న కటింగ్ బర్ర్‌తో పై ఎముకంతా తీసి, నరమో రక్తనాళమో దగ్గరపడిందనగానే వజ్రపు పొడి పొదిగిన డైమండ్ బర్ర్‌కు మారతారు. చెయ్యి ఎప్పుడూ నరం పొడవునా కదలాలి. అడ్డంగా కదిలితే తెగుతుంది. అంచులు వాలుగా తీయాలి, గుంత నిలువుగా దిగితే లోపల ఏముందో కంటికి కనబడదు. కనబడనిది తొలచకూడదు.

చెవి వెనక చర్మం కోసి ఎముక మీదికి వస్తే లోపలి దారిని కొండగుర్తులే చెబుతాయి. పైన పల్చటి పలక, దాని అవతల మెదడు పొర. ఎముక పల్చబడే కొద్దీ ఆ పొర గులాబీ రంగులో తొంగిచూస్తుంది. వెనక పక్క నీలంగా మెరిసేది సిగ్మాయిడ్ సిర. ఆ రెంటి మధ్య సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున యాంట్రమ్ అనే గది. దాని అడుగున తెల్లగా, నున్నగా, చుట్టూ ఉన్న ఎముక కంటే గట్టిగా తగిలే చిన్న గుబ్బ అర్ధవృత్తాకార నాళానిది. దాని ముందు ఇన్‌కస్ ఎముక పొట్టి కాలు. ఆ కాలు చూపించే వైపు, కాస్త లోపలగా, ముఖ నరం. ఈ గుర్తులు దొరికాయంటే సర్జన్‌కు గుండె కుదుటపడుతుంది. తిరుగుతున్న బర్ర్ ఇన్‌కస్‌కు తాకితే మాత్రం ఆ అదురు నేరుగా కాక్లియాకు చేరి, వినికిడి అక్కడికక్కడే పోవచ్చు. నరం మీద ఆఖరి పొరను డ్రిల్లుతో తీయరు. గుడ్డు పెంకులా పల్చబడేదాకా అరగదీసి, ఆ పెంకును సన్నటి పనిముట్టుతో లేపుతారు.

జహనుమా పిల్లాడి చెవి దగ్గర ఈ కొండగుర్తులే చెదిరిపోతాయి. ఆరోగ్యంగా పెరిగే పిల్లల మాస్టాయిడ్ ఎముకలో తేనెపట్టు గదుల్లా గాలి అరలు ఏర్పడతాయి. చిన్నప్పటి నుంచి చీము కారే చెవిలో ఆ అరలు సరిగా పెరగవు. ఎముక గట్టిపడి ముద్దగా మిగులుతుంది. మెదడు కిందికి వాలి ఉంటుంది, సిర ముందుకొచ్చి ఉంటుంది, సర్జన్‌కు దొరికే చోటు సగం తగ్గిపోతుంది. పదేళ్లు వాడిన డ్రాప్స్ సీసాలన్నీ సీటీ స్కాన్‌లో తెల్లటి మచ్చగా కనిపిస్తాయంటే అతిశయోక్తి కాదు. చర్మం పొర దారితప్పి చెవి లోపల ముద్దకట్టే కొలెస్టియటోమా తోడైతే, అదే ఎముకను తినడం మొదలుపెడుతుంది. ఇన్‌కస్ కరిగి వినికిడి తగ్గుతుంది. నాళానికి చిల్లు పడి కళ్లు తిరుగుతాయి. పైపలక తెగితే మెనింజైటిస్, మెదడులో చీముగడ్డ. ఒకరోజు పొద్దున లేచేసరికి మూతి వంకరపోతుంది. దాన్ని లఖ్వా, అంటే పక్షవాతం, అనుకుని మాలిష్‌కు తీసుకెళతారు. చెవి కారుతూ మూతి వంకరపోతే అది చెవి డాక్టర్ పని, అదీ ఆ పూటే.

ఇదే ఎముక, ఇదే దారి. చెవుడుతో పుట్టిన పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడానికీ మాస్టాయిడ్‌ను ఇలాగే తొలిచి, ముఖ నరానికీ రుచి తెలిపే సన్నటి నరానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చేసి, కాక్లియాలోకి తీగ దూర్చాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను చేర్చడం వల్ల లక్షల ఖర్చున్న పరికరం కూలి చేసుకునే ఇంటి పిల్లలకూ అందింది. ఈ పథకం చేసిన గొప్ప పనుల్లో నేను ముందు చెప్పేది ఇదే. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మాట నేర్పించే శిక్షణ ఉంటుంది. తల్లి ఒక పూట పని మానుకుని పిల్లను తీసుకుని బస్సెక్కాలి. దానికి డబ్బిచ్చే పథకమూ ఒకటి ఉండాలి.

మత్తులో మూడు నాలుగు గంటలు మనిషి కదలకుండా పడుకోకపోతే ఇదంతా కుదరదు. ఆ సంగతికీ జహనుమా పేరుకీ చుట్టరికం ఉంది. జహనుమా మహలు ఏ వంశానిదో ఆ పైగా వంశానికే చెందిన సర్ అస్మాన్ జా ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర 1887 నుంచి దివాన్‌గా ఉన్నాడు. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు చనిపోవడం గుండె ఆగడం వల్లా, ఊపిరి ఆగడం వల్లా అన్న తగువు ఇంగ్లండ్‌లో తెగక, ఆయన దివాన్‌గా ఉండగానే 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. 1846లో పెట్టిన హైదరాబాద్ మెడికల్ స్కూలుకు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ వీటిని నడిపించాడు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరే ముందు ఆగుతుంది, కాబట్టి ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని తేల్చారు. క్లోరోఫాం గుండె లయను కూడా తప్పించగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాక ఆ తీర్పు సగమే నిలిచింది. నిలిచిన సగం చిన్నదేం కాదు. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది.

ఈనాడు చెవి ఎముక తొలిచేటప్పుడు మత్తు డాక్టర్ పని ఊపిరితో ఆగదు. ముఖ నరం మీద నిఘా పెట్టే మానిటర్ పని చేయాలంటే కండరాలు పూర్తిగా సడలిపోకూడదు, అయినా రోగి కదలకూడదు. రక్తపోటు కాస్త తక్కువలో ఉంచితేనే మైక్రోస్కోపు కింద రక్తం కమ్మేయదు. పేపర్లో సర్జన్ ఫొటో పడినప్పుడు పక్కన మత్తు డాక్టర్ ఎవరో కూడా రాయాలని మా డెస్కులో నేనెప్పుడూ అంటుంటాను.

హైదరాబాద్ సర్జన్లకు ఎముకతో పాత పరిచయం ఇంకొకటి ఉంది. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి, వెన్నెముక గట్టిపడి, వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోయినవాళ్లు ఎందరో నగరానికి వచ్చేవాళ్లు. నిమ్స్ ఆసుపత్రి డైరెక్టర్‌గా పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఆ జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుందో ఏళ్ల తరబడి పరిశీలించి రాశారు. 

ఇక 2021. కొవిడ్ రెండో అల సగంలో ఉండగానే కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్‌కు నోడల్ కేంద్రంగా ప్రకటించారు. జహనుమా నుంచి ఆరేడు కిలోమీటర్లు. మే నెలలో ఆ గేటు ముందు ఆటోల్లో, అంబులెన్సుల్లో మనుషులు. ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది, చెంప తిమ్మిరెక్కింది, ముక్కులోంచి నల్లటి చెక్కు రాలుతోంది. చాలామందికి షుగరు. కొవిడ్‌కు వాడిన స్టెరాయిడ్లు ఆ షుగరును ఇంకా ఎగదోశాయి. జూన్ నెలాఖరుకు దేశంలో కేసులు 40 వేలు దాటాయి.

మ్యూకర్ అనే ఆ బూజు రక్తనాళాల్లో దూరి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ, ఎముక చచ్చి నల్లబడతాయి. ముక్కు గదుల నుంచి దవడ వెనక సందులోకి, అక్కడి నుంచి కంటి గూటి మొనకు, ఆపైన పుర్రె నడిమెట్టు మీదికి పాకుతుంది. మందు రక్తంలోనే ప్రయాణించాలి, రక్తం ఆగిన చోటికి మందు వెళ్లదు. కాబట్టి చచ్చిన భాగాన్ని తీసేయక తప్పదు. ఎక్కడిదాకా తీయాలి? ఎండోస్కోపుతో చూస్తూ డ్రిల్లు పెడితే చచ్చిన ఎముక పొడిగా, సున్నపు ముక్కలా రాలుతుంది, ఎర్రటి చుక్క రాదు. ఇంకాస్త లోపలికి పోతే ఒకచోట ఎముక గరుకుల్లోంచి రక్తం ఊరుతుంది. అక్కడ ఆగాలి. మామూలు రోజుల్లో రక్తం కనిపిస్తే విసుక్కునే సర్జన్లు ఆ వేసవిలో రక్తం కోసమే వెతికారు.

ఎముక తీసినచోట ఖాళీ మిగులుతుంది. అంగిలి తీయాల్సి వచ్చినవాళ్లకు అన్నం ముక్కులోకి వచ్చేది, మాట ముక్కుతో పలికేది. ప్లేటు అమర్చాక గానీ కుటుంబంతో కూర్చుని తినలేకపోయారు. కొందరికి కన్నే తీసేయాల్సి వచ్చింది. ఆ బూజుకు ఇచ్చే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు దొరక్క ఇంటివాళ్లు ఊరంతా తిరిగారు, చివరికి ఎవరికి ఎన్ని ఇవ్వాలో ప్రభుత్వమే చూడాల్సి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికెళ్లిన కొందరు నెలల తర్వాత తలనొప్పితో తిరిగొచ్చారు. స్ఫినాయిడ్ ఎముక మొదట్లో బూజు మిగిలిపోయింది. ముక్కు వెనక ఆ మూల ఇటు కెరోటిడ్, అటు కంటి నరం. అక్కడ తొలచడానికి జాగా మిల్లీమీటర్లలో ఉంటుంది.

డ్రిల్లుకు లొంగని పుర్రె ఎముక జబ్బు ఒకటి ఉంది. పాతబస్తీలో ఇంటింటా షుగరు ఉన్న పెద్దవాళ్లు కాబట్టి, తప్పక తెలియాల్సింది కూడా. అరవై దాటిన మనిషి, ఏళ్ల నాటి షుగరు. చెవి నొప్పి మొదలవుతుంది. పగలు ఓర్చుకోగలడు, రాత్రి నిద్ర పట్టనివ్వదు. పైకి చూస్తే కొంచెం వాపు, కొంచెం చీము, అంతే. మెడికల్ షాపులో మళ్లీ అదే సీసా, తోడుగా నొప్పి బిళ్ల. చెవి గుబిలి తీసుకుంటూ గీరుకున్న గాయంలోంచి సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా చెవి కాలువ అడుగు గుండా పుర్రె ఎముకలోకి దిగిపోతుంది. మాలిగ్నెంట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా అని 1968లో చాండ్లర్ దానికి పేరు పెట్టాడు. అది క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే దాని తీరూ అలాగే. ముందు ముఖ నరం, తర్వాత గొంతు నరాలు. మాట బొంగురుపోతుంది, మంచినీళ్లు మింగితే పొలమారుతుంది.

ఒకప్పుడు ఈ జబ్బులో కూడా ఎముకను దండిగా తొలిచేవాళ్లు. మేలు అంతగా కనబడలేదు. ఎముక పొరల్లో పాకే ఈ ఇన్‌ఫెక్షన్‌కు గీత గీయడం కష్టం, తీసిన కొద్దీ అవతల మిగిలే ఉంటుంది. అందుకని ఇప్పుడు పరీక్షకు చిన్న ముక్క తీసి, క్రిమి ఏదో తేల్చుకుని, సరైన యాంటీబయాటిక్ వారాల తరబడి ఇస్తారు. ఆరు వారాలకు తక్కువ ఉండదు, నెలలు కూడా పట్టొచ్చు. షుగరు అదుపులో ఉండాలి. మొదటి పది పదిహేను రోజుల్లో నొప్పి తగ్గగానే చాలామంది రావడం మానేస్తారు. మళ్లీ వచ్చేసరికి మూతి వంకరపోయి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో డాక్టర్ రక్తంలో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అంకెలు దిగడం చూసి, అవసరమైతే గాలియం స్కాన్ తీయించి చెబుతాడు. ఓపీ చీటీ మీద తర్వాతి తారీఖు రాసి ఇస్తారు. నొప్పి లేకపోయినా ఆ తారీఖుకు వెళ్లాలి.